నీలకంఠం బిగించిన మూడో మెట్టు

నీలకంఠం ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఆ పక్క షెడ్డులో లేతు మిషను నాది. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరం ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఒకే రేకు నీడన క్యారేజీలు విప్పుకుంటున్నాం. అతని గురించి నాకు తెలిసిందంతా ఆ నీడలో అతను చెప్పిందే. కొంత నేను కళ్లారా చూశాను.

మనిషి పొట్టి, మాట తక్కువ. పాతసామాన్ల కుప్పలో ఖాళీ డబ్బా కనిపిస్తే మాత్రం వదలడు. తీసి, గోటితో టక్కుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. పది డబ్బాల్లో తొమ్మిది తిరిగి కుప్పలోకి పోతాయి. పదోదాన్ని చొక్కాతో తుడిచి సంచిలో వేసుకుంటాడు. దానికి చెక్క బిగించి తీగలు లాగి తంబుర చేస్తాడు. కొత్తలో నేను పిచ్చనుకున్నాను.

ఆ పిచ్చి అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రిది చీపురుపల్లి దగ్గర పల్లె, వ్యవసాయం. సాయంత్రాలు ఎండిన సొరబుర్రకి వెదురు కర్ర గుచ్చి, ఒంటితీగ లాగి, తత్వాలు పాడుకునేవాడట. స్టీల్‌ప్లాంట్ కడుతున్న రోజుల్లో మట్టిపనికి వైజాగ్ వచ్చి కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన గది తీసుకున్నాడు. వెంట తెచ్చుకున్న సొరబుర్ర రెండో వానాకాలానికే బూజు పట్టి పగిలిపోయింది. ఇంకో బుర్ర ఎండబెట్టుకోడానికి ఆ గదికి పెరడు లేదు. కిరాణా కొట్టు వెనక పారేసిన డాల్డా డబ్బా తెచ్చాడు. హార్బర్లో ఓడ సరుకు కింద పరిచే చెక్కలు విరిగితే వంటకట్టెల కింద అమ్మేవారు, అందులోంచి ఒక బద్ద ఏరాడు. తీగ కోసం సైకిలు బ్రేకు వైరు పురి విప్పి ఒక పోగు లాగాడు. అలా పుట్టింది డబ్బా తంబుర.

దాన్ని చూసి పనుల కోసం ఊళ్ల నుంచి ఆ వీధికి వచ్చిన వాళ్లంతా తలా ఒకటి చేసుకున్నారట. రంగులేసేవాడు రంగుల డబ్బాతో, హోటల్లో గిన్నెలు కడిగేవాడు సొట్టపోయిన సత్తుగిన్నెతో. జాలారిపేట నుంచి వచ్చే ఒకాయన తీగ బదులు వల నైలాన్ తాడు కట్టుకున్నాడు. పనుల్లేని ఆదివారం పూట పట్టాల పక్కన ఆరేడు డబ్బాలు మోగేవి. ఇళ్లల్లోకి టేప్‌రికార్డర్లు వచ్చాక ఒక్కొక్కరే మానేశారు. డబ్బాలు నీళ్ల తొట్ల దగ్గర మగ్గులైపోయాయి. మిగిలింది నీలకంఠం ఇంట్లోనే.

తండ్రి చేసింది శ్రుతికి మాత్రమే పనికొచ్చేది. దాన్ని పాట వాయించే వాయిద్యంగా మార్చింది నీలకంఠం. వెల్డింగ్ చేశాక చివర మిగిలిపోయే రాడ్డు ముక్కలు షెడ్డు నిండా ఉంటాయి. వాటి మీది పెంకు కొట్టేసి, నున్నగా అరగదీసి, చెక్క మీద అడ్డంగా మెట్లు వేశాడు. వీణకి ఉంటాయే, అలాంటివి. ఏ మెట్టు ఎక్కడ రావాలో కొలత పుస్తకమేదీ లేదు. తీగ మీటుతూ, రాడ్డు ముక్కని ముందుకీ వెనక్కీ జరుపుతూ, స్వరం కుదిరిన చోట గాడి కోసి బిగించేవాడు. పన్నెండు మెట్లకి పన్నెండు సాయంత్రాలు పట్టిన సందర్భాలున్నాయి. తీగ బిగించే బిరడాలు ఇత్తడితో నా లేతు మీదే చేయించుకునేవాడు.

దేవుడు అతనికి చెవి ఇచ్చాడు. వేళ్లు ఇవ్వలేదు. నిప్పురవ్వలకి కాలి కాలి ఎడమచేతి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. స్వరం తప్పితే అందరికంటే ముందు అతనికే తెలిసేది, తప్పేది కూడా అతని వేలే. అయినా ఇంట్లో ఇంకెవరూ వాయించరు కాబట్టి ఆ లోటు అతన్ని బాధపెట్టలేదు. బావ వచ్చేదాకా.

అక్క రాణికి గుణశేఖర్‌తో పెళ్లయింది. గుణశేఖర్ వన్ టౌన్‌లో ఆటో నడుపుతాడు. నవ్వుముఖం, ఎవరినైనా చిటికెలో కలుపుకుంటాడు. పెళ్లయిన మూడో రోజు అత్తవారింట్లో మేకుకి వేలాడుతున్న డబ్బా తంబుర తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతకుముందు ఏ వాయిద్యమూ ముట్టినవాడు కాదు. అటు మీటి, ఇటు మీటి, కాఫీ చల్లారేలోగా ఒక భజన పాట పల్లవి పట్టేశాడు. సాయంత్రానికి చరణాలు కూడా వచ్చేశాయి.

"ఓలమ్మ! ఇందులో ఇంత పాటుందేటి?" అంది తల్లి.

పక్కగదిలో చొక్కా తొడుక్కుంటున్న నీలకంఠానికి ఆ మాట గుచ్చుకుంది. ఆ పాట అందులో పెట్టడానికి తను ఆర్నెల్లు కూర్చున్నాడు.

అప్పటినుంచి ఇరవై ఏళ్లకి పైగా ఇదే వరస. తను చేస్తాడు, బావ వాయిస్తాడు, జనం బావని మెచ్చుకుంటారు. కంచరపాలెం భజన సమాజంలో శనివారాలు బావకి ముందు వరసలో చాప. నీలకంఠానికి తాళాల వాళ్ల వెనక. ఇంట్లో తను శ్రుతి చూసుకుంటుంటే భార్య గౌరీశ్వరి టీవీ సౌండు పెంచేది. బావ వస్తే సీరియల్ సగంలో కట్టేసి, "అన్నయ్యా, ఒక్కటి వాయించవూ" అని పీట వేసేది.

"నాను ముట్టుకుంటే సప్పుడు, ఆడు ముట్టుకుంటే పాటా?" అని ఒకసారి భార్య మీద అరిచాడట.

"నిజవే గదా మరి," అందట ఆవిడ, ఏ కల్మషమూ లేకుండా.

తండ్రి చివరి రోజుల్లో జరిగింది మాత్రం అతను నాతో ఒక్కసారే చెప్పాడు. ముసలాయన మంచం పట్టి రెండు నెలలు. ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం అన్నీ కొడుకే. ఒక మధ్యాహ్నం కాళ్లు పడుతుంటే తండ్రి కళ్లు తెరిచి, "ఒరే, గుణశేఖర్ని పిలవరా. ఓ పాట ఇని పడుకుంటాను," అన్నాడు. తంబుర అక్కడే గోడకుంది. చేసినవాడు కాళ్ల దగ్గరున్నాడు. నీలకంఠం లేచి వీధిలోకి వెళ్లి బావకి ఫోన్ చేశాడు. బావ ఆటోలో ప్యాసింజర్ని దింపేసి పరుగున వచ్చాడు. ముసలాయన వింటూ నిద్రపోయాడు.

"ఆ ఫోను సేసినపుడు నా సెయ్యి వణికింది గురూ," అన్నాడు నీలకంఠం. "దుఃఖం అనుకున్నారు సూసినోళ్లు."

లోపల ఎంత కుళ్లు ఉన్నా చేతి పనిలోకి దాన్ని రానివ్వలేదు. ప్రతి తంబురా ముందుదానికంటే బాగా చేశాడు. బావకి ఇచ్చినవే ఎనిమిది. మూడేళ్ల కిందట, సింహాచలం గిరిప్రదక్షిణ ముందు, ఆ కట్ట తెగింది.

ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ లక్షల మంది నడుస్తారు. దారిపొడుగునా మజ్జిగ, పులిహోర ఇచ్చే షామియానాలు. ఆ ఏడు కంచరపాలెం భజన సమాజం అడవివరం దగ్గర షామియానా వేసి, మధ్యాహ్నం నుంచి కార్యక్రమం పెట్టింది. ముందుగా ఒక ఫ్లెక్సీ కొట్టించారు. ఫోటో కోసం బావనీ నీలకంఠాన్నీ పక్కపక్కన నిలబెట్టి, తంబుర చెరోవైపు పట్టుకోమన్నారు. నీలకంఠం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఫ్లెక్సీ కట్టాక చూస్తే అందులో బావ ఒక్కడే నవ్వుతున్నాడు. "డబ్బా తంబుర కళాకారుడు గుణశేఖర్" అని పెద్దక్షరాలు. ప్రింటింగ్ వాడు చోటు సరిపోక రెండో మనిషిని కోసేశాడు. తంబుర కింద పట్టుకున్న నాలుగు వేళ్లు మాత్రం మిగిలాయి.

"ఆ సేతి ఏళ్లు నావని ఎవుడికి తెలుత్తాది?" అని నీలకంఠం నన్ను అడిగాడు. నవ్వుతూనే అడిగాడు, నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ వారమే అతను గిరిప్రదక్షిణ కోసం కొత్త తంబుర చేస్తున్నాడు. ఓడలకి వేసే రంగు డబ్బా, గట్టి చెక్క, కొత్త క్లచ్చు వైరు పోగులు. రెండు మెట్లు సరిగ్గా వేశాడు. మూడోది స్వరం కుదిరిన చోట గీత గీసుకుని కూడా, గాడి మాత్రం ఒక వడ్లగింజంత బిరడాల వైపు జరిపి కోశాడు. అంటే అక్కడ వేలు వేసిన ప్రతిసారీ స్వరం కాస్త కిందికి పలుకుతుంది. కంటికి తెలియదు. మామూలు చెవికి "ఏదో తేడా" అనిపిస్తుంది, అంతే. మిగతా తొమ్మిదీ తిన్నగా బిగించాడు. కార్యక్రమం మొదలవబోతుండగా షామియానాలో బావ చేతిలో పెట్టాడు, సరిచూసుకునే వ్యవధి లేకుండా.

ఆ రోజు నేనూ అక్కడున్నాను. మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాను. మబ్బు పట్టి చిన్న తుంపర. తడి రోడ్డు మీద చెప్పుల్లేని కాళ్లు, భుజాన పసిపిల్లలు, గోవింద నామాలు. రాణి, గౌరీశ్వరి ముందు చాప మీద కూర్చున్నారు. గుణశేఖర్ మొదటి పాట ఎత్తుకున్నాడు. పాట రెండో పాదంలోనే ఆ మెట్టు తగిలింది. అతని కనుబొమలు ముడిపడ్డం నేను చూశాను. తలెత్తి బావమరిది కేసి ఒక్క చూపు చూశాడు. నీలకంఠం తాళాల వాళ్ల వెనక నేల చూస్తున్నాడు.

గుణశేఖర్ వాయించడం ఆపలేదు. ఆ మెట్టు మీదికి వచ్చినప్పుడల్లా తీగని నొక్కి ఊరుకోక, పక్కకి లాగడం మొదలుపెట్టాడు. తీగ లాగితే స్వరం పైకి పాకుతుంది. కింద మొదలై, మూలిగి, తన చోటుకి చేరుతోంది. పాటలో ఆ ఒక్కచోట మనిషి గొంతు జీరపోయినట్టు వినిపించింది. రెండు మూడు సార్లయ్యేసరికి అతను దాన్ని కావాలనే వెతుక్కుంటూ వెళ్తున్నాడని నాకే అర్థమైంది. నడిచేవాళ్లు ఆగారు. ఒక ముసలామె మజ్జిగ తాగుతూ, గ్లాసు చేతిలోనే ఉంచుకుని, "ఏటి నాయనా ఇది, సచ్చిపోయిన మాయమ్మ పిలిసినట్టున్నాది," అని కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. షామియానా ముందు దారి కాసేపు నిలిచిపోయింది. వాలంటీర్లు వచ్చి జనాన్ని కదపాల్సి వచ్చింది.

పాట అయ్యాక గుణశేఖర్ నేరుగా నీలకంఠం దగ్గరికి వచ్చాడు.

"ఓరి, ఆ మూడో మెట్టు నువ్వు కావాలనే అలగెట్టినావు గదూ?"

నీలకంఠం తలూపాడు. "అవును బావా," అన్నాడు. అది అబద్ధమూ కాదు.

"నీ బుర్రే బుర్రరా!" అని గుణశేఖర్ అతని రెక్క పట్టుకుని మైకు దగ్గరికి లాక్కెళ్లాడు. "ఇందులో గొప్పంతా నాది కాదండి. ఇదిగో, మా బావమరిది నీలకంఠం. పారేసిన డబ్బాకి ఏడుపు నేర్పినోడు."

జనం చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్లుగా నీలకంఠం ఎదురుచూసిన చప్పట్లు అవే. అతను తలవంచుకుని నిలబడ్డాడు. మొహమాటం అనుకున్నాం.

ఆ తర్వాత నెలల్లో ఇద్దరు ముగ్గురు "ఏడిసే మెట్టున్న తంబుర" కావాలని అతన్ని వెతుక్కుంటూ మా షెడ్ల దగ్గరికి వచ్చారు. పెందుర్తి నుంచి ఒక భజన మాస్టారు అచ్చం అలాగే చేయించుకుపోయి పదిహేను రోజుల్లో తిరిగి తెచ్చాడు. "సుతి కలవట్లేదయ్యా. ఈ మెట్టు తప్పు," అని బల్ల మీద పెట్టేసి వెళ్లాడు. నీలకంఠం దాన్ని చాలాసేపు చూశాడు. ఆ మెట్టు ఎవరి చేతిలోనైనా తప్పే. బావ చేతిలో తప్ప.

"ఇసం పెడితే పాయసం అయిపోనాది," అన్నాడు నాతో, కారణం చెప్పకుండా. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఒక ఆదివారం బావ వాళ్లు భోజనానికి వచ్చారు. గౌరీశ్వరి కోడికూర వండింది. తింటూ తింటూ గుణశేఖర్, "మనోడు ఆ మెట్టు ఎలా ఊహించినాడో గాని, మావయ్యుంటే ఎంత సంబరపడునో," అన్నాడు. తండ్రి పేరు ఎత్తేసరికి నీలకంఠానికి ఆగలేదు.

"ఊహించినదేటీ లేదు. తప్పని తెలిసే ఎట్టినాను. అందరి ముందర నీ పాట పాడైపోవాలని ఎట్టినాను. సాలా?"

అన్నం కలుపుతున్న గుణశేఖర్ చెయ్యి ఆగింది. రాణి, "తమ్ముడూ, ఏటంతన్నావురా?" అంది. గుణశేఖర్ సగం విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఒక్క మాటే అన్నాడు.

"మీ అక్క కూడా అక్కడే కూకుందిరా. దాని ముందర నానేటైపోవాలనుకున్నావు?"

మర్నాడు పొద్దున్న ఆటో మా షెడ్ల ముందు ఆగింది. గుణశేఖర్ వెనక సీట్లోంచి తంబురలు ఒక్కొక్కటే తీసి గోడకి ఆనించాడు. ఎనిమిది పాతవి, ఒకటి కొత్తది. నీలకంఠం వెల్డింగ్ ముసుగు పైకెత్తి చూస్తుండగానే ఆటో వెళ్లిపోయింది.

తను కోరుకున్నదే జరిగింది. బావ చేతిలో ఇప్పుడేమీ లేదు. తొమ్మిది తంబురలూ తన ఇంట్లోనే ఉన్నాయి. సాయంత్రాలు ఒక్కొక్కటి ఒళ్లో పెట్టుకుని వాయించబోయేవాడు. ఇప్పుడు గౌరీశ్వరి టీవీ పెట్టేది కాదు. వంటింట్లో ఊరికే కూర్చునేది. అది ఇంకా కష్టంగా ఉండేదట.

నాలుగు నెలలు మాటల్లేవు. అయిదో నెలలో నట్లూ బోల్టులూ కొనడానికి నీలకంఠం వన్ టౌన్ వెళ్లాడు. కురుపాం మార్కెట్ పక్క సందులోంచి వస్తుంటే తీగ చప్పుడు. కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఆటో స్టాండులో గుణశేఖర్ సీటు మీద మఠం వేసుకుని మేండలిన్ వాయిస్తున్నాడు. కొట్లో కొన్నది, ఎర్రటి పాలిష్, మెరుస్తోంది. చుట్టూ సరుకు మోసే కళాసీలు నలుగురు మూటల మీద కూర్చుని వింటున్నారు.

నీలకంఠం ఒక తోపుడు బండి చాటున నిలబడ్డాడు. ఆ శబ్దంలో లోపం కోసం వెతికాడు. మెట్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. బావ వేళ్లు వాటి మీద ఎక్కడా తడబడలేదు.

"ఇన్నేళ్లూ ఆడి మీద ఏడిసినాను గురూ," అని ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే చెప్పాడు నాకు. "ఇయాళ ఆ ఎర్ర డబ్బా మీద ఏడుపొచ్చీసింది. నా తంబుర మీద ఉండాల్సిన సెయ్యి ఇంకోదాని మీద ఉంటే సూళ్లేకపోనాను."

అప్పుడే గాడి సంగతి, వడ్లగింజ సంగతి మొత్తం చెప్పాడు. వింటూ నేను కోప్పడదామనుకున్నాను. కోపం రాలేదు. నా లేతు మీద నాకంటే బాగా పని చేసే కుర్రాళ్లని నేనూ చూశాను.

ఆ నెల్లాళ్లూ అతను పని దిగాక ఇంటికి ఆలస్యంగానే వెళ్లాడు. నా చేత బిరడాలు రెండుసార్లు మళ్లీ చేయించాడు. డబ్బా కోసం పాతసామాన్ల కొట్లు ఏడెనిమిది తిరిగాడు. చివరికి కొత్త తంబుర పూర్తయ్యాక గోనెపట్టాలో చుట్టుకుని ఆటో స్టాండుకి వెళ్లాడు. ఒక్కడూ వెళ్లలేక నన్నూ రమ్మన్నాడు.

గుణశేఖర్ మమ్మల్ని చూసి దిగలేదు. నీలకంఠం గోనె విప్పి తంబుర సీటు మీద పెట్టాడు. "తప్పైపోనాది బావా," అన్నాడు. ఇంకేవో అనుకుని వచ్చాడుగాని అంతే వచ్చింది.

గుణశేఖర్ చాలాసేపు దాన్ని ముట్టలేదు. తర్వాత ఒళ్లోకి తీసుకుని, పాట ఎత్తకుండా, మొదటి మెట్టు మీద గోరు పెట్టి మీటాడు. విన్నాడు. రెండోది. మూడోది రెండుసార్లు మీటాడు. అలా పన్నెండూ. స్టాండులో ఉన్న డ్రైవర్లంతా చూస్తున్నారు. నీలకంఠం చెవుల దాకా ఎర్రబడి అలాగే నిలబడ్డాడు.

"బాగానే ఉన్నాది," అన్నాడు గుణశేఖర్.

"అయితే ఆ మేండలిన్ ఎవరికైనా ఇచ్చీత్తావా?" అన్నాడు నీలకంఠం.

ఆ మాటకి నాకే సిగ్గేసింది. గుణశేఖర్ మాత్రం అయిదు నెలల్లో మొదటిసారి బావమరిదిని చూసి నవ్వాడు.

"ఎందుకిచ్చీత్తాన్రా? అది శనివారం భజనకి. ఇది ఇంటికాడికి."

ఇప్పుడు రాకపోకలు ఉన్నాయి. ఆదివారాలు భోజనాలు ఉన్నాయి. కానీ నీలకంఠం ఏది చేసి ఇచ్చినా, తీగ మార్చి ఇచ్చినా, గుణశేఖర్ అందరి ముందూ మెట్టు మెట్టుకీ గోరు పెట్టి చూసుకుంటాడు. కోపంతో కాదు, అలవాటైపోయింది. నీలకంఠం అయ్యేదాకా నిలబడతాడు. శనివారం భజనకి మాత్రం వెళ్లడం మానేశాడు.

పోయిన నెలలో ఆ మేండలిన్ గుర్రం విరిగింది. గుర్రమంటే తీగలు ఆనుకునే చిన్న చెక్క. గుణశేఖర్ దాన్ని తెచ్చి నీలకంఠం బల్ల మీద పెట్టి, "నువ్వే సెయ్యాల," అన్నాడు. రెండు రోజులు అది అతని షెడ్డులోనే ఉంది. మొదటి రోజు నీలకంఠం దాని పక్కకే పోలేదు. రెండో రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చున్నాడు. ఏనుగుదంతం రంగులో ఉన్న ఒక విరిగిన ప్లాస్టిక్ బద్ద, ఒక చిన్న రోజ్‌వుడ్ ముక్క ముందు పెట్టుకుని, చెక్కనే ఎంచుకున్నాడు. అరగదీస్తూ, పెట్టి చూస్తూ, మళ్లీ తీస్తూ సాయంత్రం దాకా చేశాడు. గుర్రం ఒక్క నూలుపోగంత అటూ ఇటూ జరిగితే మేండలిన్ మొత్తం అపశ్రుతి పలుకుతుందని నాకు చూపించాడు కూడా. జరిపి వినిపించాడు. తర్వాత సరైన చోటికి తెచ్చి, కింద పెన్సిలుతో సన్నని గీత గీసి, అక్కడే నిలిపాడు.

"ఇంత కట్టమైన పని నా జన్మలో సెయ్యలేదు," అని చేతులు కడుక్కోడానికి లేచాడు.

"కుళ్లు పోయిందా మరి?" అన్నాను.

"ఎక్కడ పోద్ది," అన్నాడు కుళాయి విప్పుతూ. "ఆ మేండలిన్ ముందుకంటే బాగా పలుకుతన్నాది ఇపుడు."